నా పేరు పెట్టుకున్న మనిషి

ఎలీయేజరు ఇనప్పెట్టె మీంచి లేవలేదు.

పొద్దున్నే ప్రార్థన ముగించుకుని వచ్చి దాని మీద కూర్చున్న మనిషి ఎనిమిదయినా అలాగే ఉన్నాడు. పక్కన పెట్టిన టీ మీద మీగడ కట్టింది. బయట మూడు రోజులుగా వదలని ముసురు.

"లెగండి మావయ్యా," అంది సోఫియా. అలా అనడం అది నాలుగోసారి.

"అందులో ఏటీ లేదమ్మా. నీ మార్కుల లిస్టు సెదలు తినేసాయని అప్పుడే సెప్పాను కదా."

"సెదలు తిన్న ముక్కలైనా ఉంటాయి. అవే పట్టుకెల్తాను. టేషన్లో ఏదో ఒక రుజువు తెమ్మన్నారు."

"ముక్కలు కూడా లేవు."

"ఏటీ లేని పెట్టెకి ఈ కాపలా ఎందుకు మావయ్యా?"

కోడలిగా వచ్చిన మూడేళ్ళలో మావగారికి ఆమె ఎదురుమాట చెప్పడం అదే మొదలు. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ పెట్టె సంగతి పనసవలసలో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు. ఊళ్ళో స్లాబు వేసిన ఇల్లు సంఘ ఉపదేశి ఎలీయేజరుది ఒక్కటే. మిగతావన్నీ వానకి కారే ఇళ్ళు. అందుకని రేషను కార్డులు, పట్టాలు, పిల్లల సర్టిఫికెట్లు, ఎవరివి వాళ్ళు ప్లాస్టిక్ కవరులో చుట్టి, దారం కట్టి తెచ్చి ఆ పెట్టెలో పెట్టేవారు. చదువు రాని వాళ్ళే ఎక్కువ కాబట్టి పేర్లు రాసే పని లేదు. ఇంటికో రంగు దారం. సోఫియా పుట్టింటిది పసుపు దారం.

తలుపులకే తాళాలు లేని ఊళ్ళో తాళం ఉన్నది ఆ పెట్టెకే. ఊరు ఊరంతా తన బతుకుని తీసుకెళ్ళి ఒక్క పెట్టెలో పెట్టడం మంచిదేనా అని ఎవరూ అడగలేదు. దేవుడి మాట చెప్పే మనిషి దగ్గర పెట్టాక ఇంకేం అడుగుతారు!

పదో తరగతి పాసయిన ఏడాది నర్సు ట్రైనింగుకి అప్లికేషను పెడదామని సోఫియా ఈ పెట్టె దగ్గరికే వచ్చింది. "సెదలు తినేసాయమ్మా," అన్నాడు ఎలీయేజరు. ఏడ్చుకుంటూ వెళ్ళి అమ్మతోపాటు కాఫీ తోటల్లో కూలికి కుదిరింది. తొమ్మిదేళ్ళయింది ఆ మాటకి.

ఈ ఏడాది ఎలాగో బోర్డు నుంచి డూప్లికేటు మెమో తెప్పించుకుంది. కొత్తగా పెట్టిన బాలికల హాస్టల్లో ఆయా పోస్టుకి లిస్టులో పేరు కూడా వచ్చింది. సోమవారం నాడు సర్టిఫికెట్లు చూసిన గుమాస్తా కంప్యూటర్ని ఆమె వైపు తిప్పాడు.

"నువ్వు ఆల్రెడీ ఉద్యోగంలో ఉన్నావమ్మా. కురుపాం అవతల హాస్టల్లో నర్సువి."

పేరు ఆమెదే. తండ్రి పేరు సోములు, అదీ ఆమెదే. పుట్టిన తేదీ, కులం, పదో తరగతి నంబరు, అన్నీ ఆమెవే. ఫోటో ఒక్కటే ఆమెది కాదు.

గురువారం సాయంత్రం అయిదులోగా పోలీసు కేసు కాపీ తెచ్చి చూపించాలన్నారు. లేకపోతే ఆయా పోస్టు లిస్టులో తర్వాతి మనిషికి పోతుంది. ఒకే పేరుకి రెండు ఉద్యోగాలు ఇవ్వరు కదా మరి.

ఇవాళ గురువారం.

పేరు పోయిందన్న బాధ ఒకటి. అది మాత్రమే అయితే సోఫియా ఏడ్చి, తిట్టి, స్టేషనుకి వెళ్ళి ఉండేది. కానీ ఫోటోలో మనిషిని ఆమె చూడగానే గుర్తుపట్టింది. మాధవి! శృంగవరపుకోట వైపు నుంచి వచ్చి అరకు రైల్వే స్టేషను దగ్గర టిఫిన్ హోటలు పెట్టుకున్న యర్రమ్మ కూతురు. పెళ్ళికి ముందు నతానియేల్ జీపు రోజుకి మూడుసార్లు ఆగింది ఆ హోటలు ముందే. లోయంతా ఎరిగిన సంగతి.

పెళ్ళయిన కొత్తలో ఎన్నిసార్లు అడిగిందో. "అలాటిదేటీ లేదు. ఇడ్లీ బాగుండేది," అనేవాడు అతను ప్రతిసారీ. ఇడ్లీ మీద అంత ప్రేమ ఉన్నవాడు ఇంట్లో చేస్తే మాత్రం రెండు తిని లేచిపోయేవాడు.

మూడు రాత్రులుగా సోఫియాకి నిద్ర లేదంటే అది ఆ ఫోటో వల్లే. తెల్లకోటు. మెడలో సన్నటి గొలుసు. ఎండ తగలని చెంపలు. నా పేరుకి అది నర్సమ్మ, నాకేమో ఆయా పోస్టుకి కూడా గతి లేదు అనుకుంటే ఒళ్ళు మండిపోయేది. పక్కనే మొగుడు హాయిగా గుర్రు పెడుతుంటే ఆ మంట రెట్టింపయ్యేది.

ఎవరో తన పేరుతో ఉద్యోగం చేస్తున్నారని మాత్రమే ఇంట్లో చెప్పింది. ఆ మనిషెవరో చెప్పలేదు. ఏ ఊళ్ళోనో చెప్పలేదు. మంగళవారం స్టేషనుకి కూడా ఒంటరిగానే వెళ్ళి నోటిమాటగా చెప్పి వచ్చింది. దాచుకుని మొగుడి మొహంలోకి చూస్తూ తిరిగింది.

ఇప్పుడు నతానియేల్ తల తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"జీపుకి టూరిస్టులున్నారు. బొర్రా ఎల్లాలి. ఇంకా ఈ గొడవ తేలలేదేటి?"

"వాళ్ళకి రానని సెప్పు. నువ్వు నాతో టేషనుకి వత్తన్నావు. ఇంటి మనిషిని సాక్ష్యం తెమ్మన్నారు."

"సోఫీ, పోలీసుల్తో మనకెందుకు సెప్పు. నాలుగు రోజులు తిప్పుతారు. ఆయా పోస్టు కాకపోతే ఇంకోటొత్తాది. ఆ కురుపాంలో ఎవరో బతుకుతున్నారు, బతకనీ."

అంత తేలిగ్గా అనేశాడు. ఏమన్నాడో అతనికే తెలియలేదు.

సోఫియాకి తెలిసింది. తువ్వాలు అందుకోబోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పెట్టె మీద కూర్చున్న ముసలాయనకీ తెలిసింది. కొడుకు మొహంలోకి ఒకసారి చూశాడు. తర్వాత కోడలి వైపు చూశాడు. అంతసేపూ కదలని మనిషి మోకాళ్ళ మీద చేతులూని లేచి నిలబడ్డాడు. జేబులోంచి తాళంచెవి తీసి సోఫియా చేతిలో పెట్టాడు.

"తియ్యమ్మా. కానీ ఒక్కటి. టేషన్లో నన్ను మాత్రం సాక్ష్యం పిలవొద్దు. ఇంకో సంతకం పెట్టే ఓపిక నాకు లేదు."

ఇంకో సంతకం ఏమిటో ఆమె అడగలేదు. అప్పుడు ఆమె ధ్యాసంతా పెట్టె మీదే.

కవర్లన్నీ ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టింది. ఎర్ర దారం. నల్ల దారం. ఆకుపచ్చ. పసుపు దారం కవరు అడుగున ఉంది. చెద పట్టిన జాడ లేదు. చిన్న చిల్లు కూడా లేదు. చేతిలోకి తీసుకుంటే గాలిలా తేలిపోయింది. లోపల కాగితం లేదు.

ఖాళీ కవరుకి ఇంత జాగ్రత్తగా దారం ఎవరు కట్టారా అని ముడి చూసింది.

ఆమె తల్లి కనక కట్టెల మోపు కట్టినట్టు కట్టేది. రెండు మెలికలు తిప్పి కొసలు లోపలికి దోపేది, పళ్ళతో తప్ప ఊడేది కాదు. ఇది ఆ ముడి కాదు. ఒక చెవి బయటికి వదిలి, ఒక్క లాగుకి ఊడొచ్చేలా కట్టిన జారుముడి. జీపు టాపు మీద టూరిస్టుల పెట్టెలకి వేసే ముడి. ఈ ఇంట్లో బట్టల తాడుకి అదే ముడి. మేకకి అదే ముడి. ఆఖరికి ఆమె పెళ్ళినాడు పుట్టింటి నుంచి తెచ్చుకున్న సంచీ మూతికి కూడా అదే ముడి.

సోఫియా కవరుని విప్పకుండా అలాగే బ్యాగులో పెట్టుకుంది.

"పద," అంది.

*

జీపు ఘాటు దిగుతోంది. వైపరు ఒకటే పని చేస్తోంది, అది కూడా సోఫియా వైపుది కాదు. ఆమె ముందున్న అద్దం అంతా మసక.

"కురుపాం అని నీకెవరు సెప్పేరు?"

సిల్వరోకు చెట్ల మీంచి నీళ్ళు టాపు మీద దబదబా పడ్డాయి.

"నిన్నే."

"నువ్వే సెప్పేవు కదా."

"నేను సెప్పలేదు."

"అయితే ఆఫీసులో ఎవరో అన్నారు."

"నువ్వు ఏ ఆఫీసుకెల్లేవు?"

గేరు మార్చాడు. మార్చాల్సిన మలుపు కాదది.

"మాధవేనని కూడా తెలుసా నీకు?"

అతను రోడ్డు వైపే చూస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. తన విషయంలో అవి అలా ఎర్రబడటం సోఫియా ఎప్పుడూ చూడలేదు.

"ఇప్పటికీ కలుత్తున్నావా?"

"లేదు. దేవుడి మీద ఒట్టు."

"ఫోను?"

అద్దం మీది ఆవిరిని అరచేత్తో తుడిచాడు.

"ఫోను సేత్తావా లేదా?"

"ఎప్పుడో. పండక్కి ఒకసారి."

"ఏ పండక్కి?"

"క్రిస్మస్‌కి," అన్నాడు.

సోఫియా నవ్వింది. ఆ నవ్వు ఆమెకే భయమేసేలా వచ్చింది. గుళ్ళో కొబ్బరికాయ కొట్టే యర్రమ్మ కూతురికి క్రిస్మస్! పేరు తీసుకుంది, కులం తీసుకుంది, నాన్నని తీసుకుంది. పండగని కూడా వదల్లేదు. ఆ రోజు తను వంటింట్లో పిండి కలుపుకుంటుంటే, ఈ మహానుభావుడు పెరట్లోకి వెళ్ళి, 'హ్యాపీ క్రిస్మస్ సోఫియా' అని ఇంకెవరికో చెప్పి ఉంటాడు.

"ఏ పేరుతో పిలుత్తావు దాన్ని?" అంది.

అతను చెప్పలేదు. ఆమె మళ్ళీ అడగలేదు.

*

స్టేషన్లో ఎస్సై లేడు, బందోబస్తుకి వెళ్ళాడు. రైటరు పని చూసే హెడ్ కానిస్టేబులు సౌందర్య బెంచీ చూపించింది. ఎదురు బెంచీ మీద అప్పటికే ఒక మనిషి కూర్చుని ఉంది.

మాధవి.

ఫోటోలో కన్నా చక్కగా ఉంది. అది సోఫియాకి అన్నిటికన్నా ముందు తగిలిన దెబ్బ. నీలం రంగు చుడీదారు, చేతికి వాచీ. వానలో వచ్చినా బురద అంటని చెప్పులు. ఎన్నేళ్ళ జీతం ఆ పాదాల నునుపులో ఉందో అనిపించి సోఫియా తన పగిలిన మడమల్ని బెంచీ కిందికి లాక్కుంది.

"బాగున్నావా నానీ?" అంది మాధవి.

నతానియేల్ ఊఁ అన్నాడో లేదో కూడా వినిపించలేదు. నాని! తమ ఇంట్లో అతన్ని అలా పిలిచేవాళ్ళు లేరు. మూడేళ్ళు కాపరం చేసి మొగుడికి ఇంకో పేరుందని సోఫియా స్టేషన్లో తెలుసుకుంది.

అయిదు గంటలసేపు ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యాహ్నం మాధవి టిఫిను డబ్బా తెరిచింది. అందులో ఇడ్లీలు. నతానియేల్ గోడకున్న క్యాలెండరుని అంత శ్రద్ధగా చదవడం ఎన్నడూ లేదు.

ఎస్సై లక్ష్మీప్రసాద్ మూడున్నరకి వచ్చాడు. తడిసిన టోపీ తీసి బల్ల మీద పెట్టి, ముగ్గుర్నీ లోపలికి పిలిచాడు.

"ఇక్కడో చిక్కుంది," అన్నాడు. "సౌందర్యగారూ, మొదటి వాక్యం చదవండి."

సౌందర్య కాగితం తీసింది. "నేను, సోఫియా, భర్త నతానియేల్, పనసవలస గ్రామం. నా పేరును, నా సర్టిఫికెట్లను వేరొక స్త్రీ దొంగతనంగా వాడుకుంటున్నదని..."

"అవునండీ. మంగళవారం నేను సెప్పింది అదే," అంది సోఫియా.

"ఇది నువ్వు చెప్పింది కాదమ్మా. నువ్వు చెప్పాక ఈవిణ్ణి పిలిపిస్తే, పొద్దున ఇది టైపు చేయించి తెచ్చింది. నీ మీద ఫిర్యాదు."

సోఫియాకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

మాధవి నెమ్మదిగా మాట్లాడింది, ఎన్నాళ్ళ నుంచో కంఠతా పెట్టినట్టు. "ఒరిజినల్ మెమో నా దగ్గరుంది సార్. ఎస్టీ సర్టిఫికెట్టు ఒరిజినల్. ఆరేళ్ళ సర్వీసు. ఈవిడ దగ్గరున్నది డూప్లికేటు. ఎవరు దొంగో మీరే చూడండి."

"ఇద్దరూ ఇక్కడ సంతకాలు పెట్టండి," అన్నాడు ఎస్సై.

మాధవి పెన్ను అందుకుని ఒక్క ఊపులో పెట్టేసింది. సోఫియా. చివర ఒక గీత, గీత కింద రెండు చుక్కలు. హాజరు పట్టీలో ఆరేళ్ళు రోజూ పెట్టిన చెయ్యి.

అసలు సోఫియా పెన్ను పట్టుకుంది. ఈ ఏడాది అప్లికేషను మీద తప్ప సంతకం పెట్టి ఎన్నాళ్ళయిందో. కాఫీ తోటల్లో వేలిముద్ర చాలు. అక్షరం తర్వాత అక్షరం, బడిపిల్ల కాపీ రాసినట్టు రాసింది. రాసి పక్కనున్న సంతకాన్ని చూసింది. తన పేరు అంత అందంగా ఉంటుందని ఆమెకి అంతవరకు తెలియదు. ఆ అందం మీద ఆమెకి పట్టలేనంత అసూయ పుట్టింది. చింపెయ్యాలనిపించింది.

సౌందర్య రెండు సంతకాలూ చూసి పెదవి విరిచింది. ఎస్సై నతానియేల్ వైపు తిరిగాడు.

"ఇద్దరి కాగితాల్లోనూ భర్తవి నువ్వేనయ్యా. అదృష్టవంతుడివి. చెప్పు, వీళ్ళలో సోఫియా ఎవరు?"

ఎంత తేలిక ప్రశ్న! పక్కింటి పిల్లనడిగినా చెప్పేస్తుంది.

నతానియేల్ సోఫియా వైపు చూశాడు. మాధవి వైపు చూశాడు. వాన చూరు మీంచి కారుతోంది.

"ఇద్దరూ నాకు తెలిసినోల్లేనండి," అన్నాడు.

సోఫియా మనసులో ఆఖరి దారం తెగింది అక్కడే. ఏడుపు రాలేదు. బ్యాగులోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టింది.

"సార్, మా ఊరి కాగితాలన్నీ మా మావయ్య పెట్టెలో ఉంటాయి. ఇది మా ఇంటి కవరు. పసుపు దారం మాది. ఇందులోనే నా మెమో ఉండేది. దీని ముడి సూడండి. ఇప్పుడు బయట మా జీపు టాపు మీద టార్పాలినుకున్న ముడి సూడండి. మా లోయలో ఇంకెవరైనా ఇలా కడతారేమో అడగండి."

సౌందర్య కవరు పట్టుకుని వాకిట్లోకి వెళ్ళింది. వెంటనే తిరిగొచ్చింది. "ఒకటే సార్," అంది.

నతానియేల్ తల వంచుకున్నాడు.

"నేనే తీశాను," అన్నాడు. "మాధవికి మార్కులున్నాయండి, సీటు రాలేదు. కింద నుంచి వచ్చినోల్లకి ఇక్కడ రిజర్వేషను లేదు. ఏడ్చింది. సోఫీ అప్పుడు నాకెవరూ కాదు. ఎలాగూ తోటపనికే ఎల్తాది కదా అనుకున్నాను."

ఎలాగూ తోటపనికే. సోఫియా ఆ మాటని లోపలే రెండుసార్లు అనుకుంది.

మాధవి మొహం పాలిపోయింది. కానీ అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు. ఫైలు తెరిచి వెనక నుంచి ఒక కాగితం లాగింది.

"అతనికి ఇవాళ మతి లేదు సార్. ఇది చూడండి. ఉద్యోగం పర్మినెంటు చేసే ముందు ఊరికి విచారణ పంపారు. ఊరి పెద్దే రాసిచ్చాడు."

ఎస్సై పైకే చదివాడు. "సోఫియా, తండ్రి సోములు, మా గ్రామస్థురాలు, మా సంఘ సభ్యురాలు. నా కుమారుడు నతానియేల్ భార్య. ఇది సత్యమని దేవుని ఎదుట ధృవీకరిస్తున్నాను. ఎలీయేజరు, ఉపదేశి." తలెత్తి సోఫియాని చూశాడు. "మీ మావగారేనా?"

"ఆయనే. తేదీ ఎంతండీ?"

"జూలై పన్నెండు. మూడేళ్ళ కిందటిది."

సోఫియా కాగితం అందుకుంది. చేతిరాత ఆయనదే. ప్రతి ఆదివారం చర్చి బోర్డు మీద వాక్యం రాసే చెయ్యి.

జూలై పన్నెండు.

ఆమె పెళ్ళి నవంబరులో. పెళ్ళికి అడగడానికి ఎలీయేజరు వచ్చింది జూలై ఆఖరి ఆదివారం. జడివానలో నల్ల గొడుగేసుకుని, మోకాలిదాకా బురదతో, కూలివాడు సోములు గుమ్మంలో నిలబడి, "మీ సోఫియాని మా ఇంటికివ్వండి" అన్నాడు. స్లాబింటి మనిషి! ఏమీ అడగలేదు. ఊరంతా ముక్కున వేలేసుకుంది. ఇన్ని సంబంధాలుండగా ఈ గుంటే ఎందుకని. ఆ ప్రశ్నకి సోఫియా మూడేళ్ళు తనే జవాబు చెప్పుకుని మురిసిపోయింది, నాలో ఏదో చూశాడని. మొగుడు ముభావంగా ఉన్న రోజుల్లో కూడా, నన్ను కోరి తెచ్చుకున్నారన్న ఒక్క గర్వంతో కాపరం నెట్టుకొచ్చింది.

పదిహేను రోజులు. సంతకానికీ గొడుక్కీ మధ్య పదిహేను రోజులు.

కొడుకు దొంగతనం బయటపడకుండా దేవుని ఎదుట అబద్ధం రాశాడాయన. సోఫియా నా కోడలు అని రాశాడు. రాసిన అబద్ధంతో బతకలేని పెద్దమనిషి కాబట్టి, దాన్ని నిజం చేసుకోవడానికి వచ్చాడు.

తనని ఎవరూ కోరి రాలేదు.

మాధవి మీద అప్పటిదాకా రగిలిన అసూయ ఒక్కసారి దారి తప్పినట్టయింది. ఆ మనిషి తన పేరు దొంగిలించింది, నిజమే. కానీ నతానియేల్ ఆమె కోసం దొంగతనం చేశాడు. తన కోసం వేలు కూడా కదపలేదు. పేరు లేకుండా కూడా మాధవి ప్రేమించబడింది. పేరుండి కూడా తను, ఒక కాగితం మీద ఖాళీ పూరించడానికి పనికొచ్చింది.

"నాని వాళ్ళ నాన్న నన్ను ఇంట్లోకి రానివ్వలేదు," అంది మాధవి, ఎవరూ అడక్కుండానే. "దొంగ కాగితంతో బతికేదానివి అన్నాడు. ఆ దొంగ కాగితానికి సంతకం పెట్టింది మాత్రం ఆయనే. నేను ఇంకెవర్నీ చేసుకోలేదు."

ఎస్సై గడియారం చూశాడు. "నాలుగుంపావు. అమ్మా సోఫియా, కేసు రాస్తున్నాం. మీ ఆఫీసు అయిదుకి మూస్తారు. సౌందర్యగారూ, త్వరగా కానివ్వండి."

సౌందర్య కొత్త కాగితం పెట్టింది. "నేను, సోఫియా, భర్త నతానియేల్..." అంటూ మొదలుపెట్టింది.

"ఆగండి మేడమ్."

"ఏటమ్మా?"

"అది కొట్టెయ్యండి. భర్త అన్నది. ఆ మాట ఆవిడ కాగితంలో కూడా ఉంది. తండ్రి సోములు అని రాయండి."

"తండ్రి పేరు కూడా ఆవిడ కాగితాల్లో ఉంది కదమ్మా."

"ఉండనివ్వండి. మా నాన్న బతికే ఉన్నాడు. పిలిచి నిలబెట్టండి. నా కూతురెవరో అని ఆయన ఇటూ అటూ సూడడు."

నతానియేల్ "సోఫీ" అన్నాడు. ఆమె తిరగలేదు. సౌందర్య ఒక్క క్షణం ఆమెని చూసి, గీత గీసి, కొత్తగా రాసింది.

అప్పుడే వాకిట్లో చప్పుడైంది. ఎవరో గొడుగు ముడిచి గోడకి ఆనించారు. కర్ర పిడి ఉన్న నల్ల గొడుగు. మోకాలిదాకా బురదతో ఎలీయేజరు గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరూ పిలవలేదు. వచ్చాడు.

సోఫియా ఆ గొడుగుని చూసింది. దాన్నించి నీళ్ళు కారి స్టేషను అరుగు మీద చిన్న మడుగు కట్టాయి.

"మావయ్యా," అంది. "ఆ రోజు వానలో మా ఇంటికొచ్చింది నన్నడగడానికేనా?"

ఆయన తడిసిన కండువాతో నోరు తుడుచుకున్నాడు. వేల ప్రసంగాలు చెప్పిన నోరు.

"నేను నిన్ను బాగా సూసుకున్నానమ్మా," అన్నాడు.

"అడిగింది అది కాదు."

ఆయన నేల వైపు చూశాడు. మాధవి కిటికీ వైపు చూసింది. నతానియేల్ ఎటు చూడాలో తెలియక తన చేతులు చూసుకున్నాడు.

సౌందర్య పెన్ను ఆడించింది. "ముద్దాయిల పేర్లమ్మా. ఒకటి, మాధవి. రాశాను. రెండు?" నాలుగున్నరవుతోందని గోడ గడియారం వైపు సైగ చేసింది. "బేగి సెప్పు తల్లీ. రెండో పేరు ఎవరిది?"

సోఫియా మొగుణ్ణి చూసింది. మావగారిని చూసింది. ఇద్దరూ తల ఎత్తలేదు.

"రెండో పేరుకి ఇద్దరున్నారు మేడమ్," అంది. "ముందు ఎవరిది రాయాలో వాళ్ళనే అడగండి."